వస్తానని చెప్పి వచ్చినవాడు

మా అన్నయ్య పనంతా కొట్టడమే. వంగిపోయిన కారు తలుపుల్నీ, నొక్కుకుపోయిన బానెట్లనీ సుత్తితో కొట్టి తిన్నగా చేస్తాడు. ఆ పనిచేసేవాళ్ళను డెంటర్లంటారు. చూసేవాళ్ళకు కోపంతో బాదుతున్నట్టే ఉంటుంది. రేకు వెనక అరచేతిలో ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ముందునుంచి సుత్తి పడాలి. రెండిటి మధ్యా నలిగి రేకు చదునవుతుంది. దిమ్మ పట్టిన చెయ్యి వెంట్రుకవాసి జరిగినా రేకు చిరుగుతుంది, లేకపోతే వేళ్ళు చితుకుతాయి. పెద్ద పనికి దిమ్మ పట్టడానికి ఇంకో మనిషి కావాలి. చిన్న నొక్కులకు అన్నయ్య రెండూ తానే చేసుకునేవాడు. కుడిచేతిలో సుత్తి, ఎడమచేతిలో దిమ్మ. ఇప్పుడు ఆ ఎడమచెయ్యి మూసుకోదు.

మా నాన్నదీ అదే పని. ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళున్నాడు, ఇక్కడివాళ్ళ మాటల్లో ఇరవై రెండు కూడా నేర్చుకోలేదు. వాళ్ళ మాట ఇంట్లో వినిపిస్తే బెల్టు తీసేవాడు. బడిలో మన మాట మాట్లాడితే వాళ్ళ పిల్లలు గేటు దగ్గర రాళ్ళు వేసేవాళ్ళు. నేను రెండు చోట్లా నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. అన్నయ్య రెండు చోట్లా నోరు తెరిచి రెండు చోట్లా దెబ్బలు తిన్నాడు. అతని వీపు మీద బెల్టు బకిల్ అచ్చు ఇప్పటికీ ఉంది. బడి గేటు దగ్గర పడిన రాయి గుర్తు కనుబొమ మీద ఉంది.

అన్నయ్యకు పంతొమ్మిదేళ్ళప్పుడు, కార్లు బాగుచేసే ఒక షెడ్డులో నాన్న కారు కింద పడుకుని ఉండగా జాకీ జారింది. కారు ఛాతీ మీదికి దిగింది. నాన్న లోపలినుంచి "ఎత్తండి, ఎత్తండి" అని అరిచాడు, మన మాటలో. పక్కనున్న ఇద్దరూ వాళ్ళవాళ్ళు. చెడ్డవాళ్ళు కారు, కంగారులో ఉన్నారు. ఎత్తమంటున్నాడో దించమంటున్నాడో తెలియక దించారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. అన్నయ్య నాన్న సుత్తి తీసుకుని ఇంకో షెడ్డులో చేరాడు. నేను కూడా అక్కడే చేరి, రేకుల మీద గుంటలు పూడ్చే లప్పం ఆరాక గరుకు కాగితంతో రుద్దే పనిలో పడ్డాను.

"నాన్న నోరు రాక చచ్చిపోయాడు. నేను అలా చావను," అన్నాడు అన్నయ్య.

అప్పటినుంచి వాళ్ళ మాటను పగబట్టినట్టు నేర్చుకున్నాడు. మన మాటను మాటకు మాట వాళ్ళ భాషలోకి దించేవాడు. బేరం తేల్చని ఒక కస్టమరుతో "నీళ్ళు నమలకండి సార్" అన్నాడు. ఆ పెద్దమనిషి చేతిలో ఉన్న గ్లాసు వైపు చూసుకుని, తాగడం ఆపేసి కింద పెట్టాడు. పెయింటరుతో "నా చెవిలో పువ్వులు పెట్టకు" అన్నాడు. మర్నాడు పెయింటర్ దూది ముక్కలు రెండు చెవుల్లోనూ పెట్టుకుని వచ్చి, "మా చెవుల్లో ఇవే పూస్తాయి, పరవాలేదా?" అన్నాడు. "నా బుర్ర తినకురా" అంటే, "ముందు ఉందో లేదో చూపించు, ఉప్పు తెస్తా" అన్నాడు.

మనవాళ్ళు అన్నయ్యను సుత్తి అనేవాళ్ళు. చేతిలో సుత్తి ఉన్నందుకు సగం, నోటితో కొడతాడని సగం. పెయింటరును రంగు కొట్టే స్ప్రే గన్ను వల్ల అందరూ గన్ను అనేవాళ్ళు.

"ఒకడు సుత్తి, ఒకడు గన్ను. ఇది షెడ్డా, యుద్ధమా?" అనేవాడు ఓనరు. నవ్వేవాళ్ళం.

పెయింటర్ వాళ్ళవాడు. అన్నయ్యకంటే ఏడాది చిన్న. వాళ్ళ అన్న కుర్చీతో కొట్టి ఇంట్లోంచి తరిమేస్తే షెడ్డులోనే, సీట్లు ఊడదీసిన వ్యాన్‌లో పడుకునేవాడు. పెద్ద తలుపులకు అన్నయ్య కొడుతుంటే వెనక దిమ్మ పట్టేది అతనే. ఒకడి దెబ్బ ఇంకొకడి అరచేతిలోకి దిగుతుంది. రోజూ అన్నం కలిసి తినేవాళ్ళు. అది చూసి అతని పాత స్నేహితులు రోడ్డు మీద బైకులు ఆపి, "ఏరా, వాళ్ళ గిన్నెలు కడగడం అయిందా?" అని అరిచేవాళ్ళు. అతను నవ్వి చెయ్యి ఊపేవాడు. ఒకరోజు ఆ నవ్వు అయ్యాక షెడ్డు వెనక్కి వెళ్ళి రేకుల గోడను పిడికిలితో గుద్దడం చూశాను. వేళ్ళ కణుపులు చిట్లాయి. ఓనరు అడిగితే ఎర్రరంగు అంటిందన్నాడు.

గొడవ ఒక నల్ల కారు తలుపు దగ్గర మొదలైంది. రంగు ఆరాక లైటు పెట్టి చూస్తే తలుపు మధ్యలో నీటి అల లాంటి వంపు కనిపించింది. నల్లరంగు ఏ తప్పునూ దాచదు. రేకు సరిగా కొట్టలేదని పెయింటర్, రంగు మందంగా పోశాడని అన్నయ్య. లప్పం రుద్దింది నేను కాబట్టి ఆ వంపు నాది కూడా కావచ్చు. నన్నెవరూ అడగలేదు.

ఓనరు కస్టమరు ముందే ఇద్దర్నీ తిట్టాడు. అప్పుడే రోడ్డు మీద బైకు కుర్రాళ్ళు ఆగారు. వాళ్ళు చూస్తున్నారని పెయింటరుకు తెలుసు. అందుకే గొంతు పెంచాడు.

"నీకు చెయ్యీ రాదు, మాటా రాదు. మీ నాన్నకి ఎత్తమనడం కూడా రాలేదుగా. అలాగే చచ్చాడు."

ఆ సంగతి అతనికి చెప్పింది అన్నయ్యే, అన్నం తింటూ.

అన్నయ్య సుత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. తర్వాత పెయింటర్ మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నా లప్పం డబ్బాలో పడింది. పెయింటర్ అన్నయ్య జుట్టు పట్టి తలను ఆ నల్ల తలుపుకేసి కొట్టాడు. మూడుసార్లు. తలుపు మళ్ళీ లోపలికి నొక్కుకుపోయింది. కింద పడి దొర్లారు. అన్నయ్య చెవి అతని పళ్ళ మధ్య ఉంది. అతని వేళ్ళు అన్నయ్య మోకాలి కింద ఉన్నాయి. పక్క అద్దం పగిలి ఆ ముక్కల మీద దొర్లుతున్నా ఇద్దరూ వదల్లేదు. బైకు కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఓనరు కార్లు కడిగే నీళ్ళ పైపు తెచ్చి పూర్తి ధారతో ఇద్దరి ముఖాల మీదా కొట్టాడు, కుక్కల్ని విడదీసినట్టు.

నీళ్ళకు కోపం దిగింది. ఒకడు ఈ మూల, ఇంకొకడు ఆ మూల కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడకుండా పని చేశారు.

షెడ్డు కట్టేసేటప్పుడు అన్నయ్య రోజూ సుత్తితో షట్టరు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టంగు, టంగు. పెయింటర్ లోపలినుంచి దిమ్మతో రెండు కొట్టేవాడు. వాళ్ళ వీడ్కోలు అదే, ఎప్పుడూ మాటలు ఉండేవి కావు. ఆరోజు అన్నయ్య సుత్తి ఎత్తాడు. ఎత్తి, ఆగాడు. ఇంత కొట్టుకున్నాక సుత్తి చప్పుడు చేస్తే బాగుండదని అనుకున్నట్టుంది. దించేశాడు. పెయింటర్ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, వాళ్ళ మాటలో నెమ్మదిగా అన్నాడు.

"వస్తాను."

మనం గడప దాటేటప్పుడు పోతున్నానని అనం. అన్నయ్య మర్యాదగా సెలవు తీసుకున్నాడు. వాళ్ళు మాత్రం వెళ్ళేటప్పుడు పోతున్నా అనే అంటారు. దెబ్బలాడిన మనిషితో వస్తా అంటే వాళ్ళ మాటలో దానికి ఒక్కటే అర్థం: నీ సంగతి తేల్చడానికి వస్తా. ఇది నాకు తెలుసు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకడు ఇంకొకడితో మధ్యాహ్నం ఆ మాట అన్నాడు. మర్నాడు పొద్దున్న గేటు దగ్గర ఇటుకతో నిలబడ్డాడు. మాట్లాడని పిల్లకు వినడం తప్ప పనేముంటుంది? వాళ్ళ భాష నాకు అన్నయ్యకంటే బాగా వచ్చు. ఆ సంగతి అన్నయ్యకే తెలియదు.

పెయింటర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఓనరు తాళాలు చేతిలో పట్టుకుని ఇద్దర్నీ చూశాడు.

దారిలో అన్నయ్య చెవికి గుడ్డ అదుముకుని ఒకటే మాటలు.

"తప్పు నాదేనే. చెయ్యి చేసుకోకూడదు. రేపు తెల్లారకముందే వెళ్ళి ఆ తలుపు గీకి పెట్టేస్తా. వాడు లేచి చూసేసరికి రేకు అద్దంలా ఉండాలి. సుత్తి ఇంటికి తెచ్చుకున్నా, దాని ముఖం సాన పట్టాలి. నువ్వూ వస్తావా?"

"ఊ," అన్నాను.

"అబ్బో, ఇవాళ చాలా మాట్లాడేశావు!"

అప్పుడు చెప్పాల్సింది. ఆ మాట మార్చి చెప్పు అన్నయ్యా, వాడికి వేరేలా వినిపించింది అని. చెప్పలేదు. అన్నయ్యకు నేను ఎప్పుడూ ఏదీ దిద్ది చెప్పింది లేదు. పొద్దున్నే ఎదురుపడి నవ్వుకుంటారు, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

తెల్లవారుతుండగా వెళ్ళాం. షట్టరు మోకాలి ఎత్తున తెరిచి ఉంది. నేను టిఫిన్ క్యారియర్‌తో పది అడుగుల వెనక ఉన్నాను. పెయింటరును లేపకూడదని అన్నయ్య చప్పుడు చేయకుండా వంగాడు. ముందు సుత్తి ఉన్న చెయ్యి లోపలికి వెళ్ళింది, తర్వాత తల.

పెయింటర్ అసలు నిద్రపోలేదు. జాకీ రాడ్ పట్టుకుని షట్టరు పక్కనే నిలబడి ఉన్నాడు.

మొదటి దెబ్బ తల మీద పడింది. అన్నయ్య నేల మీదికి ఎడమచెయ్యి ఆనించాడు. రెండో దెబ్బ ఆ మణికట్టు మీద. పుల్ల విరిగినట్టు కాదు, తడిబట్టలో చుట్టిన గాజు పగిలినట్టు వినిపించింది. మూడోది మళ్ళీ అక్కడే. అన్నయ్య కిందపడి ఉండగానే కుడిచెయ్యి తిప్పాడు. సుత్తి పెయింటర్ దవడ మీద తగిలింది. దవడ పక్కకు వెళ్ళిపోయింది. అయినా ఇద్దరూ ఆగలేదు. రక్తం కళ్ళలోకి కారి ఎవరికి వారు గుడ్డిగా కొట్టుకున్నారు. రాడ్ వ్యాన్‌కు తగిలింది, సుత్తి నేలకు తగిలింది. పెయింటర్ తెరుచుకుపోయిన నోటితో ఏదో అరుస్తున్నాడు. అన్నయ్య మన మాటలో "ఎందుకురా, ఎందుకురా" అంటున్నాడు. నేను క్యారియర్‌తో పెయింటర్ వీపు మీద కొట్టాను. అన్నం, కూర అంతా అతని మీద పడ్డాయి. వేడికి అతను రాడ్ వదిలేశాడు.

నేను ఇంకో మనిషిని కొట్టింది ఆ ఒక్కసారే. ఆ పూట నేను చేయగలిగిన పని అదొక్కటే అన్నట్టు అప్పుడు కొంచెం సంతోషం కూడా వేసింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆసుపత్రిలో ఇద్దర్నీ ఒకే వార్డులో వేశారు, మధ్యలో నాలుగు మంచాలు. పోలీసు ఆఫీసరు వచ్చాడు. వాళ్ళవాడే. ముందు పెయింటర్ దగ్గరికి వెళ్ళాడు. దవడకు తీగలు బిగించారు, మాట్లాడలేడు. కాగితం మీద రెండే ముక్కలు రాసి ఇచ్చాడు: వస్తా అన్నాడు. వచ్చాడు.

ఓనరును అడిగారు. "అవును సార్. భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. నా చెవులతో విన్నాను," అన్నాడు. అబద్ధం ఏముంది?

అన్నయ్య మంచం దగ్గరికి వచ్చారు.

"వస్తానన్నావా?"

"అన్నాను సార్," అన్నాడు అన్నయ్య, తనకేదో మేలు జరుగుతున్నట్టు. "నేనేం దొంగచాటుగా రాలేదు. వస్తానని చెప్పే వచ్చాను."

ఆఫీసరు అది అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు. ముందుగా చెప్పి, ఆయుధంతో వెళ్ళి చంపబోవడం. దానికి ఏళ్ళ తరబడి జైలంటే మా ఇంట్లో ఎవరూ మిగలరు. అమ్మకు మోకాళ్ళు పనిచేయవు. అన్నయ్య మాత్రం జబ్బు చేసిన పిల్లాడు డాక్టరును చూసినట్టు ఆఫీసరు కలం వైపు ఆశగా చూస్తున్నాడు.

నేను లేచాను. వాళ్ళ మాటలో నోరు విప్పాను.

"సార్, మాకు వస్తాను అంటే పోతున్నాను అని."

అన్నయ్య నా వైపు తిరిగాడు. నాకు వాళ్ళ మాట ఇంత వచ్చని అతనికి అప్పుడు తెలిసింది.

"వస్తానంటే పోతున్నానా?" అన్నాడు ఆఫీసరు. "మరి పోతున్నానంటే ఏంటి, వస్తాననా?"

వెనక ఎవరో నవ్వారు.

"పోతున్నాను అని మేం అనం సార్. అంటే తిరిగి రామని. అన్నయ్య సెలవు తీసుకున్నాడంతే. తలుపు బాగు చేయడానికి వచ్చాడు. సుత్తి లేకుండా తలుపు ఎలా బాగు చేస్తాడు?"

"ఇదంతా ముందే కూర్చుని అనుకున్నారా?"

నా దగ్గర సాక్ష్యం లేదు. ఒక భాష అలా ఉంటుందని దేనితో చూపిస్తాం? మళ్ళీ కూర్చుండిపోయాను.

చూసే సమయం అయిపోయిందని నర్సు అన్నయ్య మంచం పక్కన కూర్చున్న అమ్మను లేవమంది. మేం ఏం మాట్లాడుకున్నామో అమ్మకు అర్థం కాలేదు. అన్నయ్య నుదుటి మీద చెయ్యి పెట్టింది, గోడ పట్టుకుని నడిచింది. నాలుగు మంచాలు దాటి పెయింటర్ దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. అతను రోజూ తినే అన్నం వండింది ఆమే. తీగలు కట్టిన ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"మీ అమ్మ రాలేదా, నాయనా?" అంది మన మాటలో. తర్వాత అన్నయ్య నేర్పిన నాలుగు ముక్కల్లోంచి వెతుక్కుని, వాళ్ళ మాటలో, అచ్చం అన్నయ్యలాగే అంది.

"వస్తాను."

పెయింటర్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు చెయ్యి లాఠీ మీదికి వెళ్ళింది. అమ్మ ఎవర్నీ చూడలేదు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ తలుపు దాటి వెళ్ళిపోయింది.

ఆఫీసరు తలుపు వైపు చూశాడు, చేతిలో కాగితం చూశాడు, లాఠీ మీదినుంచి చెయ్యి తీశాడు. పెయింటర్ కాగితం కావాలని సైగ చేశాడు. రాసి, నాకు ఇమ్మని వేలితో చూపించాడు: పోయేటప్పుడు ఇదేనా అనేది?

తల ఊపాను. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కదలడం మాత్రం కనిపించింది.

ఆఫీసరు ముందు రాసింది కొట్టేసి వేరే రాశాడు. భయంతో ఒకరినొకరు కొట్టుకున్నారని. జైలు తప్పింది. ఆరు నెలలు ఇద్దరూ వారానికోసారి స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టాలన్నారు. ఒకడికి సోమవారం, ఇంకొకడికి గురువారం, ఎదురుపడకుండా.

అన్నయ్య మణికట్టు అతికింది. వేళ్ళు మూసుకోలేదు. ఇప్పుడు అతను కొడితే రేకు వెనక దిమ్మ పట్టేది నేను. ప్రతి దెబ్బా అరచేతిలోంచి భుజం దాకా పాకుతుంది. మొదటి నెలంతా అన్నం ముద్ద చేతిలో నిలిచేది కాదు.

"ఆ రోజు దారిలోనే చెప్పొచ్చు కదే," అన్నాడొకసారి, కొట్టడం ఆపి.

"చెప్పాల్సింది," అన్నాను. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

సుత్తి అని ఇప్పుడు ఎవరూ పిలవరు. నోటితో కొట్టడం మానేశాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు, అమ్మతో కూడా, మన మాటలో కూడా "పోతున్నా" అంటాడు.

"అదేం మాటరా! వస్తాననాలి," అని అమ్మ ప్రతిరోజూ అరుస్తుంది. "మీ నాన్న మాట రాక పోయాడు. నువ్వు మాట వచ్చీ ఇలా అయ్యావు."

"ఇదైతే ఎవరూ కొట్టరమ్మా," అంటాడు.

మొన్న పెయింటర్ షెడ్డుకు వచ్చాడు. వేరే చోట పని దొరికిందట. దవడ కొంచెం ఒక పక్కకు ఉంది, మాట ముద్దగా వస్తోంది. తన గన్ను, రంగు డబ్బాలు, వ్యాన్‌లో ఉన్న దుప్పటి తీసుకున్నాడు. అన్నయ్య ఒక బానెట్ మీద కొడుతున్నాడు. తల ఎత్తలేదు. సుత్తి పడే వేగం మాత్రం పెరిగింది. నా వేళ్ళు చితుకుతాయేమోనని భయమేసింది. అయినా దిమ్మ కదపలేదు.

పెయింటర్ షట్టరు దగ్గర ఆగాడు. మన మాటలో, వంకర నోటితో అన్నాడు.

"వస్తా."

సుత్తి గాల్లో ఆగిపోయింది. అతను రోడ్డెక్కి వెళ్ళిపోయాడు. అన్నయ్య సుత్తి దించకుండానే రోడ్డు వైపు చూశాడు.

"ఎవరి అర్థంలో అన్నాడే?"

"మన అర్థంలోనే."

"నీకెలా తెలుసు?"

"రెండు చేతుల్లోనూ సామాను ఉందన్నయ్యా. కొట్టేవాడు ఒక చెయ్యైనా ఖాళీగా ఉంచుకుంటాడు."

అన్నయ్య బానెట్ మీద ఎక్కడ కొట్టాలో వేలితో తడిమి చూసుకున్నాడు.

"గట్టిగా పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను.